ఇంటింటి ముచ్చట: తొట్టె అడుగున ఏం పరచాలి?

పోయిన సంచికలో చేపల తొట్టె ఎంతది కొనాలి, ఇంట్లో ఏ మూల పెట్టాలి అని ముచ్చటించుకున్నాం గదా. అది చదివి రాసినవారు ఈసారి ఎక్కువే. కార్డు మీద రాసినవారు ఇద్దరు, మిగతావారంతా ఫోనులో సందేశాలు పంపారు. ఎలా పంపినా సంతోషమే. వాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ముగ్గురూ ఒకరినొకరు ఎరగకపోయినా ఒకటే మాట అడిగినట్టు నాకు తోచింది.

హోసూరు నుంచి ఒక సోదరుడు ఇలా రాశారు: "మా తాతగారి ఊరు కడప దగ్గర. పాత ఇల్లు పడగొట్టినప్పుడు వంటింటి బండ ఒకటి గుర్తుగా తెచ్చుకున్నాం. దాన్ని ముక్కలు చేసి తొట్టెలో గుహలాగా పేరిస్తే బాగుంటుందని మా అమ్మాయి ముచ్చట పడుతోంది. నల్లరాయే గదా, ఫరవాలేదా?"

ముంబయి సోదరి ప్రశ్న కొంచెం బాధగానే ఉంది. పన్నెండు నియాన్ టెట్రా చేపలు తెచ్చుకుంటే ఇప్పుడు నాలుగు మిగిలాయట. నీళ్లు వారం వారం తప్పకుండా మారుస్తున్నారు, తిండి మితంగానే వేస్తున్నారు. అడుగున పరిచినవి మాత్రం దేవుడి గది కట్టించినప్పుడు మిగిలిన చలువరాతి ముక్కలు. "శుభ్రంగా కడిగే వేశానండీ, దేవుడి గది రాళ్లు గదా" అని రాశారు.

బరంపురం సోదరి అడిగింది గోపాలపురం తీరాన ఏరిన గవ్వల సంగతి.

తాతగారి బండ, దేవుడి గది రాయి, సముద్రపు గవ్వ. మనకు ప్రియమైనవే తొట్టెలో పెట్టుకోవాలని మనకుంటుంది. చేపకు తాతగారూ తెలియరు, గోపాలపురమూ తెలియదు. దానికి తెలిసిందల్లా ఆ వస్తువు నీళ్లలో ఏం కలుపుతోందన్నదే. ఈ మూడూ కలిపేది ఒకటే: సున్నం.

చలువరాయి, సున్నపురాయి, గవ్వ, ఆల్చిప్ప, పగడం - వేషాలు వేరుగాని సరుకు ఒకటే. రసాయన శాస్త్రం చదివినవారు దాన్ని కాల్షియం కార్బొనేట్ అంటారు. రాయి నీళ్లలో కరగడమేమిటని అనుకోవద్దు. చక్కెరలా కరగదు, నిజమే. కాని చేపలు వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు నీళ్లలో కలిసి కాస్త పులుపునిస్తుంది. ఆ పులుపు రాయిని రోజూ కొద్దికొద్దిగా నాకుతూ ఉంటుంది. దాంతో నీటి కఠినత్వం పెరుగుతుంది, పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ అంటే పులుపు-క్షారాల కొలత. 7 సమానం, దానికి కింద పులుపు, పైన క్షారం.

పెరిగితే ఏమయిందని మీరడగవచ్చు. అసలు సంగతి ఇక్కడే ఉంది. చేప విసర్జించే వ్యర్థంలో, మిగిలిపోయి కుళ్లిన తిండిలో అమోనియా పుడుతుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయనిది, రెండోది చేప మొప్పలను కాల్చే విషం. 25 డిగ్రీల వేడిమి ఉన్న నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపం నూటికి సుమారు అర పాలు మాత్రమే. పీహెచ్ 8 అయితే అదే 5 పాళ్లు దాటుతుంది. అంటే చేపలు అవే, వేసిన తిండి అంతే, నీళ్లు మార్చిన రోజులూ అవే. అడుగున రాయి మారింది, విషం దాదాపు పది రెట్లయింది. సున్నపురాయి ఒక్కటే నీటిని 9 దాకా తీసుకుపోదుగాని, మెత్తటి నీటిని 8 దాటించగలదు.

ముంబయి సోదరికి మరో చిక్కు ఉంది. ముంబయి కుళాయిల్లోకి వచ్చేవి తాన్సా, వైతరణ, భాత్సా జలాశయాల నీళ్లు. మెత్తటి నీళ్లు, నియాన్ టెట్రాలకు బాగా సరిపడేవి. ఆ చేప పుట్టిల్లు అమెజాన్ నది ఎగువ పాయలు. ఆకులు నాని టీ రంగులో ఉండే, కాస్త పులుపు నీళ్లవి. అంటే ఆవిడ వారం వారం పట్టి పోసేది మంచి నీరే. వారం తిరిగేసరికి చలువరాయి దాన్ని గట్టి నీరుగా మారుస్తుంది. మళ్లీ మెత్తటి నీరు పోస్తారు, మళ్లీ గట్టిపడుతుంది. ఆ ఊయలకు చిన్న చేపలు తట్టుకోలేవు. దూరాన కూర్చుని ఇదొక్కటే కారణమని నేను ఒట్టు వేయను. ఆ రాళ్లు మాత్రం ముందుగా తీయవలసినవే. అన్నీ ఒక్క పూటలో తోడేయవద్దమ్మా. మూడు నాలుగు రోజులకొకసారి మూడో వంతు చొప్పున తీయండి. ఎందుకంటే ఒకేసారి తీస్తే నీటి గుణం ఒక్కసారిగా మారుతుంది. రాళ్లను అంటిపెట్టుకుని బతికే మంచి సూక్ష్మజీవులు కూడా ఒక్కసారిగా పోతాయి. ఆ జీవుల సంగతికి మళ్లీ వస్తాను.

ఇక హోసూరు సోదరుడి బండ. కడప రాయి నల్లగా, నున్నగా ఉంటుంది గనుక చాలామంది గ్రానైట్ అనుకుంటారు. కాదు, అది సున్నపురాయే. దక్షిణాదిలో ఎన్ని వంటిళ్ల గట్లు, ఎన్ని అలమరల అరలు ఆ రాతితో కట్టారో లెక్క లేదు. నిమ్మకాయ కోసి వదిలేసిన చోట కడప బండ మీద తెల్లటి మచ్చ పడి ఇక పోదు, ఇల్లాళ్లకు తెలుసు. ఆ మచ్చ నిమ్మ పులుపు రాయిని తిన్న గుర్తు. షాబాద్ బండ, తాండూరు బండ కూడా అదే జాతి.

అయితే కడప రాయి తొట్టెకు పనికిరానే రాదని కొట్టిపారేయడం కూడా సరికాదు. మీ నీళ్లేమిటి, మీ చేపలేమిటి అన్నది చూడాలి. గీజరు లోపల తెల్లటి పెచ్చు కట్టే బోరు నీళ్లయితే అవి అప్పటికే సున్నంతో నిండి ఉన్నాయన్నమాట. అలాంటి నీళ్లలో రాయి కరగడం చాలా తక్కువ. మోలీలు, గప్పీలు, గోల్డ్‌ఫిష్ గట్టి నీళ్లను హాయిగా భరిస్తాయి. ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలు పెంచేవారైతే కావాలనే సున్నపురాళ్లు వేస్తారు. కనుక బోరు నీళ్లు, మోలీలు అయితే చిన్న ముక్క ఒకటి పెట్టుకోండి, నేను కాదనను. కాని ఆ సోదరుడు ఉత్తరం చివర ఏంజెల్ చేపలు, టెట్రాలు పెంచుతున్నామనీ, ఆర్వో నీళ్లు కలిపి పోస్తున్నామనీ రాశారు. ఆ నీళ్లకు ఆ రాయి కుదరదు.

గుహ మాత్రం కట్టుకోవచ్చు. ఊరి రాయే కావాలంటే మార్కాపురం పలకరాయి ఉండనే ఉంది. నా ఈడువాళ్లం ఆ పలకల మీదే అక్షరాలు దిద్దాం. పలకరాయి పొరలు పొరలుగా విడుతుంది, అడ్డంగా పేరిస్తే చక్కటి అరలు వస్తాయి, సాధారణంగా నీళ్లలో ఏమీ కలపదు. అంచులు మాత్రం ఆకురాయితో అరగదీయాలి. రాతిలో బంగారంలా మెరిసే చారలున్నా, తుప్పు రంగు గీతలున్నా ఆ ముక్క పక్కన పెట్టండి, లోహం ఉండవచ్చు. అంతకన్నా సులువు మీ హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో కావలసినంత దొరికే గ్రానైట్. పలుగురాయి కూడా మంచిదే. తాతగారి బండ ముక్కను తొట్టె కింద పీటగానో, పక్కన దీపపు గట్టుగానో వాడుకోండి.

రాయి ఏ జాతిదో కంటితో పోల్చుకోవడం అందరి వల్లా కాదు. మహారాష్ట్రలో మనవాళ్లు ఎక్కడ పడితే అక్కడ చూసే దక్కను నల్లరాయి మంచిదే, కాని దాని గుంటల్లో తెల్లటి స్ఫటికాలు కూరుకుని ఉంటాయి. వాటిలో కొన్ని సున్నపు జాతివి. అందుకని పరీక్ష చేసుకోవాలి. పెద్ద ఖర్చేమీ లేదు.

మొదటిది వెనిగర్ పరీక్ష. రాయిని కడిగి, ఆరబెట్టి, ఒక చోట మేకుతో గీకి కొత్త పొర బయటపెట్టి, అక్కడ నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. చెవి దగ్గర పెట్టుకుని వినండి, దగ్గరగా చూడండి. చిన్న చిన్న బుడగలు లేస్తే సున్నమున్నట్టే. వెనిగర్ బలహీనమైన పులుపు గనుక కొన్ని రాళ్లలో బుడగలు మెల్లగా, నిమిషం తరువాత వస్తాయి. తొందరపడి పారేయవద్దు, తొందరపడి తొట్టెలో వేయవద్దు. బాత్రూం కడిగే యాసిడ్ వేస్తే ఇట్టే తేలిపోతుందని కొందరు చెబుతారు. పిల్లలు తిరిగే ఇంట్లో అది నేను చెప్పను.

రెండోది నాకు ఎక్కువ నమ్మకమైనది. రెండు గాజు సీసాలు తీసుకోండి. రెండింటిలో ఒకే ఆర్వో నీళ్లు పోయండి. ఒకదాంట్లో కడిగిన రాయి వేయండి, రెండోది ఉత్తగా ఉంచండి. మూతలు వదులుగా పెట్టి వారం పాటు వదిలేయండి. ఆర్వో యంత్రం బాగుచేసే అబ్బాయి జేబులో టీడీఎస్ కొలిచే పెన్ను ఉంటుంది, ఇప్పుడు చాలా ఇళ్లలోనూ ఉంది. దాంతో వారం తరువాత రెండు సీసాలూ కొలవండి. ఉత్త సీసాలో అంకె దాదాపు అలాగే ఉండి, రాయి ఉన్న సీసాలో రెండింతలో మూడింతలో అయితే ఆ రాయి కరుగుతున్నట్టే. వాసన చూడండి, నీటి రంగు చూడండి. ఈ పరీక్షకు రాయే కానక్కర లేదు, బొమ్మ, కొయ్య, రంగు కంకర ఏదైనా సరే.

రెండు పరీక్షలూ ఎందుకంటే వెనిగర్‌కు దొరకని దొంగలున్నారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలాంటిదే. అది కాల్షియం సల్ఫేటు, వెనిగర్ వేస్తే ఉలకదు, పలకదు. నీళ్లలో మాత్రం సున్నపురాయి కన్నా చాలా ఎక్కువ కరుగుతుంది. లీటరుకు సుమారు 2 గ్రాముల దాకా కరగగలదు. వినాయక చవితికి తెచ్చిన చిన్న విగ్రహం ముద్దుగా ఉందని, నిమజ్జనం ఇంట్లోనే అయినట్టుంటుందని తొట్టెలో పెట్టినవారిని నేనెరుగుదును. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో విగ్రహ నిమజ్జన మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో వాటిని సవరిస్తూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దన్నది. చెరువుకే వద్దన్నది యాభై లీటర్ల తొట్టెకు ఎలా తగుతుంది? పైన పూసిన రంగులు మరో సంగతి.

ఇక అడుగున పరచే ఇసుక, కంకర. ఇక్కడ కరగడం ఒక్కటే కాదు, గీసుకోవడం, గొంతులో ఇరుక్కోవడం కూడా చూడాలి.

గోల్డ్‌ఫిష్‌ను కాసేపు గమనించండి. పొద్దస్తమానం అడుగున కంకరను నోట్లోకి తీసుకుని, నమిలినట్టు నమిలి ఉమ్మేస్తూ ఉంటుంది. తిండి వెతుక్కునే తీరు అది. సరిగ్గా దాని నోటికి పట్టేంత రాయి దొరికితే ఒక్కోసారి గొంతుకు అడ్డం పడుతుంది. కనుక గోల్డ్‌ఫిష్‌కు మెత్తటి ఇసుకైనా ఉండాలి, లేదా నోట్లో ఏ విధంగానూ పట్టని పెద్ద గులకరాళ్లైనా ఉండాలి. మధ్యరకం వద్దు. చేప పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి, ఇవాళ పట్టని రాయి ఆరు నెలలకు పడుతుంది.

కోరిడోరస్ అనే బుజ్జి మీసాల చేపలకు ఆ మీసాలే చేతులు, ముక్కు అన్నీను. అడుగున కుదురుగా ముక్కు పెట్టి తడుముకుంటూ తింటాయి. వాటికి గుండ్రటి ఇసుక తప్ప మరేదీ మంచిది కాదు. పదునైన కంకర, దాని సందుల్లో కుళ్లిన మురికి రెండూ కలిస్తే మీసాలు అరిగి పుండు పడతాయి. ఇల్లు కట్టే ఎం-శాండ్ వాడవచ్చా అని ఇద్దరు అడిగారు. వద్దు. అది బండను యంత్రంలో పిండి చేసిన ఇసుక, గింజ గింజకూ కొసలుంటాయి, ఎంత కడిగినా దుమ్ము వదలదు. ఏటి ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి నున్నబడినది. కాని ఏటి ఇసుకను మనం వెళ్లి తట్టతో ఎత్తుకు రావడం ఇప్పుడు తగదు, అందులో పురుగుమందూ చాకిరేవు సబ్బూ ఏమున్నాయో తెలియదు కూడా. ఇళ్లలో బోరు నీళ్లు వడకట్టే పెద్ద ఫిల్టర్లలో పోసే పలుగురాతి ఇసుక, సిలికా శాండ్ అని అడిగితే ఇస్తారు, జల్లించి అమ్ముతారు. తొట్టెకు అది బాగా పనికొస్తుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దే వద్దు. ఉప్పు కడిగితే పోతుందిగాని గవ్వల నలుసులు పోవు.

మామూలు చేపలకు, అంటే గప్పీ, మోలీ, టెట్రా, ఏంజెల్ వంటివాటికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల గుండ్రటి కంకర సరిపోతుంది. రెండడుగుల తొట్టెలో, అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్నదాంట్లో 5 సెంటీమీటర్ల మందాన పరచడానికి సుమారు 14 కిలోలు పడుతుంది. దుకాణంలో రెండు కిలోల సంచి ఇచ్చి చాలు అంటారు, అది అడుగు కనిపించకుండా కప్పడానికే చాలదు. అలాగని ఎక్కువ మందం వేయడమూ మంచిది కాదు, ముఖ్యంగా ఇసుక. సన్నటి ఇసుక మందంగా ఉంటే లోపలికి గాలి చొరదు, నల్లబడుతుంది, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ వాయువు చేపలకు విషం. ఇసుకయితే మూడు నాలుగు సెంటీమీటర్లు చాలు. అప్పుడప్పుడు వేలితో పై పొర కదుపుతూ ఉండండి.

రంగు కంకర గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. గులాబీ, నీలం, చిలకపచ్చ కంకర పిల్లల కళ్లకు పండగే. దాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి రాతికి గట్టి పూత పూసి కాల్చినది, అది చాలా ఏళ్లుంటుంది. రెండోది ఉత్త రంగులో ముంచినది. పిడికెడు తీసుకుని వేడినీళ్లలో ఒక పూట నానబెట్టి తెల్లటి గుడ్డతో రుద్దండి, గుడ్డకు రంగంటితే తిప్పి ఇచ్చేయండి. ఒక రాయిని సుత్తితో పగలగొట్టి లోపలి తెలుపు మీద వెనిగర్ కూడా వేయండి. పైన రంగు, లోపల చలువరాతి చిప్స్ అయిన సరుకు మా పెరంబూరు దాపున, కొళత్తూరులో దొరికే సంచుల్లోనే నేను చూశాను. కొళత్తూరు అంటే చెన్నైలో రంగుచేపలకు పేరుపడ్డ చోటు. మంచి సరుకూ అక్కడే దొరుకుతుంది, చూసుకుని కొనాలి, అంతే. పైగా తెల్లటి అడుగు, మెరిసే అడుగు మీద చేపలు వెలవెలబోతాయి. చుట్టూ ఉన్న రంగును బట్టి ఒంటి రంగు తగ్గించుకోవడం చాలా చేపలకు పుట్టుకతో వచ్చిన గుణం. చేప రంగు చూడాలంటే ముదురు రంగు అడుగు వేయాలి.

గవ్వల దగ్గరకు వస్తే, మా మేడ మీది ఇంటి పిల్లవాడి సంగతి చెప్పాలి. తొమ్మిదేళ్ల వాడు. పోయిన ఏడాది వాళ్ల తాతగారు పోయారు. ఆయన రైల్వేలో చేసి, ఏ సముద్రపు ఊరికి వెళ్లినా గవ్వలు ఏరి ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవారు. ఆ డబ్బా మనవడికి వచ్చింది. తాతయ్యకు చేపలంటే ఇష్టమని వాడు అవన్నీ తొట్టెలో పోస్తానన్నాడు. తల్లికి వద్దనడానికి నోరు రాక నన్ను పిలిచింది. వాడు నన్నడిగిన ప్రశ్న మంచి ప్రశ్న.

"బామ్మగారూ, సముద్రంలో చేపలు గవ్వల మధ్యే కదా ఉంటాయి? వాటికేం కాదు కదా?"

"ఉంటాయి నాన్నా. కాని నీ ఏంజెల్ చేపలు సముద్రం మొహం ఎరగవు. వాటిది నది. ఉప్పూ సున్నమూ లేని నీళ్లు."

"మరి తాతయ్య గవ్వలు?"

ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు లేదు. డబ్బాలో విరిగిన గవ్వ ఒకటి తీసి వాడి చేతే వెనిగర్ వేయించాను. బుసబుసమని పొంగింది. వాడు చాలాసేపు దాన్నే చూశాడు. "ఇది కరిగిపోతే తాతయ్య గవ్వ కూడా ఉండదు కదా" అన్నాడు. నాకు తట్టనిది వాడికే తట్టింది. చివరికి వాళ్ల నాన్న తొట్టె వెనక గాజుకు బయటివైపు సన్నటి గాజు పెట్టె ఒకటి చేయించాడు. గవ్వలన్నీ పొడిగా అందులో ఉన్నాయి. ముందునుంచి చూస్తే నీళ్ల అవతల సముద్రం ఉన్నట్టే ఉంది. బరంపురం సోదరి కూడా ఇలా చేసుకోవచ్చు.

ఇంకొక మాట. గవ్వల మధ్య పగడపు ముక్కలు దొరుకుతుంటాయి, అమ్మేవారూ ఉంటారు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. తీరాన దొరికినా తేవద్దు, దుకాణంలో కనిపించినా కొనవద్దు.

మిగతా అలంకరణలు త్వరగా చెప్పేస్తాను. పూత లేని మట్టికుండ, పూలకుండీ చాలా మంచివి, పక్కకు పడుకోబెడితే చేప దాక్కునే ఇల్లు. గుజ్జంతా గీకి ఉడకబెట్టిన కొబ్బరిచిప్పకు సాటి లేదు. మెరిసే పూత ఉన్న పింగాణీలో సీసం ఉండవచ్చు గనుక వద్దు. బొమ్మల కొలువు బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు తొట్టె పైన మూత మీద అలంకరించుకోండి, లోపల కాదు. దుకాణంలో అమ్మే కోటలు, ఓడలు కొనేటప్పుడు రంధ్రాల్లో వేలు పెట్టి చూడండి. చేప తల కూడా పట్టనంత చిన్నదిగానైనా ఉండాలి, లోపల వెనక్కి తిరిగి రాగలిగేంత పెద్దదిగానైనా ఉండాలి. మధ్యస్థంగా ఉంటే అక్కడే ఇరుక్కుని చస్తాయి. ప్లాస్టిక్ మొక్కల మీద పాత నైలాన్ చీర ముక్క ఈడ్చండి. పోగు లేస్తే ఫైటర్ చేప రెక్క కూడా చిరుగుతుంది.

లోహం ఏదీ వద్దు, ముఖ్యంగా రాగి, ఇత్తడి. గోదావరి వంతెన మీద రైలు పోతుంటే పైసలు విసిరిన జాతి మనది. ఇంటికొచ్చిన బంధువుల పిల్లలు తొట్టెలో బిళ్లలు వేయడం నేను ఎన్నోసార్లు చూశాను. పాత కాసులు రాగివే, 5 రూపాయల బిళ్లలు చాలావాటిలో ఇప్పటికీ రాగి కలిసి ఉంది. రాగిని చేపల జబ్బుకు మందుగా వాడతారు, కాని మందు మోతాదుకూ విషం మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. నత్తలు, రొయ్యలు ఉంటే అవి ముందు పోతాయి.

కొయ్య పెట్టేవారు బాగా ఎండి, బెరడు ఊడిపోయిన గట్టి కొయ్యే పెట్టాలి. ఉడకబెట్టి, మునిగేదాకా బక్కెట్లో నానబెట్టాలి. తరువాత కూడా నీరు కొన్ని వారాలు టీ రంగుకు తిరుగుతుంది, భయం లేదు. టెట్రాలకు, ఫైటర్లకు అది ఇష్టం కూడా. పెరట్లో బాదం చెట్టు ఉంటే దానంతటదే రాలి ఎండిన ఆకు ఒకటి కడిగి వేస్తే అదే పని చేస్తుంది. మందు కొట్టిన చెట్టు ఆకు కాకూడదు.

పరిచే పద్ధతిలో ఒక్క జాగ్రత్త. పెద్ద రాళ్లను ముందుగా అడుగు గాజు మీదే, కింద పలచటి థర్మోకోల్ ముక్క వేసి నిలపాలి. కంకర తరువాత పోయాలి. కంకర మీద రాయి నిలబెడితే ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ వంటి తవ్వే చేపలు ఒక రాత్రిలో దాని కింద గొయ్యి తీస్తాయి. రాయి వెళ్లి గాజుకు కొడితే 54 లీటర్ల నీళ్లు హాల్లో ఉంటాయి. రాళ్లు అతికించాలంటే అక్వేరియం సిలికాన్ మాత్రమే వాడాలి. బూజు పట్టకుండా మందు కలిపిన బాత్రూం రకం వద్దు.

కంకరను సబ్బు లేకుండా, ఉత్త నీళ్లతో, తేట నీరు వచ్చేదాకా కడగండి. పది బక్కెట్లు పట్టినా పట్టవచ్చు, ఆ నీళ్లు మొక్కలకు పోయండి. పరిచాక అడుగున ఒక పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోస్తే కంకర చెదరదు.

మంచి జీవుల సంగతికి వస్తానన్నాను గదా. అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరులోనూ, ఈ కంకర గింజల మీదా కాపురముంటాయి. కొత్త తొట్టెలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. యానాం నుంచి ఒక పాఠకుడు "నెలకొకసారి కంకరంతా తీసి కుళాయి కింద రుద్ది కడుగుతాను, అయినా రెండో రోజుకే నీళ్లు తెల్లబడతాయి" అని రాశారు. బాబూ, తెల్లబడేది అందుకే. ఆ జీవులను నెలనెలా మీరే కుళాయి నీటి క్లోరిన్‌తో చంపుతున్నారు. కంకర తీయకండి. గొట్టంతో పైపై మురికి మాత్రం పీల్చండి. సగం తొట్టె ఈ వారం, సగం పై వారం.

వచ్చే సంచికలో ఫిల్టరు గురించి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలని కోలారు నుంచి ఒక సోదరి అడిగారు, అదీ అప్పుడే.